భేస్తాన్ గదిలో ఆలిస్ వాకర్

ఉధ్నా దాటిన రైలు వేగం అందుకోకముందే మళ్లీ ఆగుతుంది. భేస్తాన్. దిగండి. సాయంత్రం, షిఫ్టు మారే వేళ. ఎదురొచ్చేవాళ్ల చేతుల్లో టిఫిన్ డబ్బాలు, జుట్టు మీద సన్నటి దారపు నుసి. ఒడియా వినబడుతుంది, భోజ్‌పురి, మరాఠీ. వాటి మధ్యలోంచి ఎవరో ఫోన్లో, "ఏందిరా, ఇయ్యాలన్న ఇచ్చిండా సేఠు పైసలు?" ఓరుగల్లు మాట. వరంగల్‌లో నవజీవన్ ఎక్కితే బల్లార్షా, వార్ధా, భుసావల్, నందుర్బార్ మీదుగా తెచ్చి సూరత్‌లో దింపుతుంది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు తరాలుగా వలస వచ్చి ఇక్కడి సాంచల ముందు, అంటే మరమగ్గాల ముందు, నిలబడ్డారు.

మీరు దిగిన రైలు కదిలిపోతుంది. దాని తర్వాతి స్టేషన్ సచిన్. పేరు వినగానే క్రికెటర్ గుర్తొస్తాడు కానీ, అది 1791లో ఏర్పడి దేశానికి స్వాతంత్ర్యం వచ్చేదాకా నడిచిన చిన్న సంస్థానం. ఏలినవాళ్లు సిద్దీలు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల వారసులు. మన తొలి టాకీ 'ఆలం ఆరా' (1931) కథానాయిక జుబేదా సూరత్‌లోనే పుట్టింది. ఆమె సచిన్ నవాబు బిడ్డ అని సినిమా చరిత్రలు చెబుతాయి. తల్లి ఫాత్మా బేగం 1926లో 'బుల్బుల్-ఎ-పరిస్తాన్' తీసి ఈ దేశంలో తొలి మహిళా దర్శకురాలైంది. నల్లజాతి ఆడవాళ్ల కథ ఈ రైలు పట్టాలకు పరాయిదేమీ కాదన్నమాట. ఈ రాత్రి మీరు వినబోయే కథ మాత్రం ఇంకా దూరంనుంచి వచ్చింది.

ఆటోల వరుస దాటి సందుల్లోకి మళ్లండి. ఖట్, ఖట్, ఖట్. రేకుల షెడ్లలో సాంచల మోత. పన్నెండు గంటల షిఫ్టు. పగటివాళ్లు దిగితే రాత్రివాళ్లు ఎక్కుతారు. కాసేపటికి చెవి అలవాటు పడుతుంది కానీ అరికాళ్లకు నేల అదురు తెలుస్తూనే ఉంటుంది. పాండేసరా మిల్లుల వైపునుంచి గాలి మళ్లితే రంగుల ఘాటు ముక్కుకు తగులుతుంది.

రెండో అంతస్తు. చెప్పులు విడిచి లోపలికి రండి. ఒకటే గది. మధ్యలో చీరల కట్ట, చుట్టూ ఆడవాళ్లు. గోడకు ఆనుకుని బాపమ్మ, ఆమెకెదురుగా కోడలు, గుమ్మం పక్కన పక్కగదిలో ఉండే ఒడియా ఆమె. ఒక చేత్తో జిగురు చుక్క, మరో చేత్తో రాయి. కొంగు నిండా చుక్క, రాయి, చుక్క, రాయి. జిగురు వాసనకు మీకు తల దిమ్మెక్కుతుంది. వాళ్లకు ఆ సంగతే పట్టదు.

ఈ చీర ఎంత దూరం తిరిగి ఈ చాప మీదికి వచ్చిందో చూడండి. ఎక్కడో పాలిస్టర్ దారమైంది. ఒక షెడ్డులో సాంచ మీద తెల్లటి తాకా అయింది. మిల్లులో రంగూ అచ్చూ పడ్డాయి. రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఏ దుకాణం మెట్లో ఎక్కింది, జాబ్‌వర్క్ మనిషి బండి మీద ఈ సందులోకి వచ్చింది. పొద్దున మళ్లీ మార్కెట్‌కి పోతుంది. ఏ పెళ్లిళ్ల సీజన్లోనో హైదరాబాద్ మాల్‌లో మీ చెల్లెలు దాన్ని భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడుతుంది. అట్టపెట్టె మీద కంపెనీ పేరుంటుంది, డిజైన్‌కీ ఒక ముద్దు పేరు పెడతారు. రాయి అంటించినవాళ్లు మాత్రం పీసుల లెక్కలోనే ఉంటారు.

మనవరాలు కత్తెర పట్టుకుని దారపు కొసలు కత్తిరిస్తోంది. సూరత్ నగరపాలిక ఏడు భాషల్లో బడులు నడుపుతుంది, తెలుగు అందులో ఒకటి. ఈ పిల్ల తెలుగు అక్షరాలు అక్కడే నేర్చింది. ఇప్పుడు నర్మద్ విశ్వవిద్యాలయం కింది కాలేజీలో బీఏ ఇంగ్లీషు. రాత్రిపూట చదివింది చెప్పడం ఆమె వంతు. టీవీ ఉంది గానీ టీవీ చూస్తే కళ్లు రాళ్ల మీద నిలవవు. కథకైతే చెవులు చాలు.

"నిన్న యాడ ఆపిన?" అంటుంది బాపమ్మ తల ఎత్తకుండా.

"కన్ను పోయిన కాడ."

అవును, కన్ను. 1952, అమెరికాలో జార్జియా రాష్ట్రం, ఈటన్టన్ ఊరి దగ్గర. ఎనిమిది మంది పిల్లల్లో చివరిది ఆలిస్, ఎనిమిదేళ్లది. అమ్మానాన్నలు తెల్లవాళ్ల భూముల్లో పాలుకు చేస్తారు, పత్తి పండిస్తారు, పాలు పితుకుతారు. అన్నలు ఎయిర్‌గన్‌తో ఆడుతుంటే ఛర్రా వచ్చి కుడి కంట్లో దిగింది. తీగ గుచ్చుకుందని చెప్పమని పిల్లకు నేర్పారు వాళ్లు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి కారు లేదు. ఆ కన్ను చూపు పోయింది, దాని మీద తెల్లటి పొర కట్టింది. పిల్ల తల వంచుకుని తిరగడం మొదలుపెట్టింది. ఎవరి మొహంలోకీ చూడకుండా అందర్నీ గమనించే అలవాటు, పుస్తకాల అలవాటు అప్పుడే పట్టుకున్నాయి. పద్నాలుగో ఏట బోస్టన్‌లో ఆ పొర తీశారు. చూపు మాత్రం రాలేదు.

"పాలుకు చేసెటోళ్లకు చదువెట్లొచ్చింది?" కోడలి ప్రశ్న. ఆమె ప్రశ్నలెప్పుడూ ఇలాగే ఉంటాయి, ఖర్చు దగ్గర.

నల్లవాళ్ల పిల్లలకు చదువెందుకు, పొలంలోకి పంపమన్నాడు భూమి ఆసామి. తల్లి, మిన్నీ ఆమె పేరు, మళ్లీ ఆ మాట ఎత్తుకుని నా గుమ్మానికి రావద్దని వెళ్లగొట్టింది. నాలుగేళ్లకే ఆలిస్‌ను బడిలో కూర్చోబెట్టింది. తర్వాత ఇళ్లల్లో పనిచేస్తూ, వారానికి ఇరవై డాలర్లు కూడా రాని జీతంలోంచి కూతురికి మూడు వస్తువులు కొనిచ్చింది. ముందు కుట్టుమిషన్, నీ బట్టలు నువ్వే కుట్టుకొమ్మని. తర్వాత సూట్‌కేసు, ఊరు విడిచి పొమ్మని. తర్వాత టైపురైటర్.

గదిలో చేతులు ఆగవు గానీ మాటలు ఆగుతాయి. గోడవారగా ఒక కుట్టుమిషన్ ఉంది, దాని మీద పరుపుల చుట్ట. మంచం కింద నవజీవన్‌లో వచ్చిన సూట్‌కేసు. మీ కళ్లు మూడోదాన్ని వెతుకుతాయి. ఆ పని ఇప్పుడు అమ్మాయి ఫోన్ చేస్తోంది, తెర పగిలినా.

సూట్‌కేసు సర్దుకుని ఆలిస్ 1961లో అట్లాంటా బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. ఒక తెల్లామె ఫిర్యాదు చేసింది. డ్రైవరు వెనక్కి పొమ్మన్నాడు, ఆమె లేచి వెళ్లింది. లేచి నడిచిన ఆ కొద్ది క్షణాల్లోనే తను మారిపోయానని తర్వాత రాసుకుంది. స్పెల్మన్ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పింది హోవర్డ్ జిన్. 1963 ఆగస్టులో వాషింగ్టన్ ప్రదర్శనకు పోయి, జనంలో ఏమీ కనబడక చెట్టుకొమ్మ ఎక్కి కూర్చుని లూథర్ కింగ్ గొంతు విన్నది. చదువయ్యాక మిసిసిపీ. నల్లవాళ్లను ఓటరు జాబితాలో చేర్చే పని. ఓటు కోసం పేరిస్తే ఉద్యోగం పోయే, ఇల్లు కాలే చోటు అది. పౌరహక్కుల వకీలు, యూదుడైన లెవెంథాల్‌ను 1967లో పెళ్లాడి ఆ రాష్ట్రంలోనే కాపురం పెట్టింది.

"తెల్లోన్ని జేసుకున్నదా? వాళ్లోళ్లు ఊకున్నరా?"

"రెండు దిక్కులోళ్లు ఊకోలే బాపమ్మా."

బాపమ్మ నవ్వుతుంది. కోడలు నవ్వదు. ఈ ఇంట్లోనే ఒక పెళ్లి గొడవ నడుస్తోందేమోనని మీకు అనుమానం వస్తుంది. అడక్కండి.

ఇక నవల. అమ్మాయి ఇక్కడ నెమ్మదిస్తుంది. 'ది కలర్ పర్పుల్', 1982. మరుసటి ఏడు పులిట్జర్ వచ్చింది, కాల్పనిక సాహిత్యానికి ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి స్త్రీ ఆమే. ఆ మాట తొందరగా చెప్పేసి అమ్మాయి సెలీ దగ్గరికి పోతుంది. పద్నాలుగేళ్ల పిల్ల. తండ్రి అనుకున్నవాడే చెరిచాడు. పుట్టిన పిల్లల్ని తీసేసుకున్నాడు. భార్య పోయిన ఒకతనికి పెళ్లి పేరుతో పనిమనిషిలా అంటగట్టాడు. ఎవరికీ చెప్పుకోలేక దేవుడికి ఉత్తరాలు రాస్తుంది. వచ్చీరాని రాతలో, ఇంట్లో మాట్లాడే మాటల్లో.

ఆ ఇంగ్లీషు కాలేజీలో కొందరికి నచ్చలేదట, తప్పుల తడక అన్నారట. అమ్మాయి మాత్రం ఆ పేజీలను తన యాసలోకి దించుకుని చెబుతోంది. మొగుడు కొట్టే చోటు వచ్చినప్పుడు ఒడియా ఆమెకు మాట పూర్తిగా అర్థం కాకపోయినా తల ఊపుతుంది. హిందీలో రెండు ముక్కలు చెబితే చాలు, మిగతాది ఆమెకు తెలుసు.

మొగుడి దగ్గరికి వచ్చిన పాటగత్తె షుగ్ ఏవరీ సెలీకి శత్రువు కావాలి. స్నేహితురాలవుతుంది, అంతకంటే ఎక్కువే అవుతుంది. ఆ 'ఎక్కువ' దగ్గర అమ్మాయి ఒకసారి తల్లి వైపు చూసి దాటేస్తుంది. షుగ్ వెంట మెంఫిస్ పోయిన సెలీ ప్యాంట్లు కుడుతుంది. ముందు స్నేహితులకు, తర్వాత అడిగినవాళ్లకు. అది పెరిగి సొంత వ్యాపారమవుతుంది.

కోడలు రాయి పెట్టడం ఆపి తల ఎత్తుతుంది. ఈ రాత్రి మొదటిసారి. "రేటు ఆమెనే పెట్టుకున్నదా?"

"ఆమెనే."

"పీసుకింత అని ఇంకోడు చెప్పలే?"

"చెప్పలే."

విమర్శకులు ఈ నవల మీద చాలా రాశారు. మీరు కొంత చదివే ఉంటారు. ఈ ప్రశ్న వాటిలో కనబడిందా? కూలి రేటు ఎవరు పెడతారన్నదే ఆ నవలలో సగం విముక్తి. సెలీ మొగుణ్ని తిట్టి బయటికి నడిచిన రోజును అందరూ ఎత్తి చూపుతారు గానీ, తన సూదికి తనే ధర కట్టుకున్న రోజు లేకపోతే ఆమె మళ్లీ ఆ గుమ్మంలోకే వచ్చేది.

1985లో స్పీల్‌బర్గ్ సినిమా తీశాడు. పదకొండు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ చేతికి రాలేదు. థియేటర్ల ముందు నల్లజాతి మగవాళ్లే కొందరు నిలబడి నిరసన తెలిపారు, మమ్మల్ని రాక్షసుల్ని చేసిందని. తెల్లవాడి ముందు ఇంటి గుట్టు విప్పుతావా అన్న కోపం. వాకర్ వెనక్కి తగ్గలేదు. 2003లో ఇరాక్ యుద్ధం వద్దని శ్వేతసౌధం ముందు అరెస్టయినప్పుడూ తగ్గలేదు. అలాగని ఆమె పట్టుదలంతా మంచిదే కాదు. యూదులపై విషం చిమ్మే ఒక కుట్ర సిద్ధాంతాల రచయితను ఆమె బాహాటంగా మెచ్చుకుంది, దానిమీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. అమ్మాయి ఇది చెప్పదు, సిలబస్‌లో లేదు. మీరు తెలుసుకుని ఉండండి.

బాపమ్మ నడుము వాల్చి లేస్తుంది. చాయ్ వస్తుంది, సూరతీల పద్ధతిలో అల్లమూ పుదీనా వేసింది. "అమెరికా ముచ్చట సాలు. మనది సదువు."

సంచిలోంచి తెలుగు పుస్తకం బయటికి వస్తుంది. గోగు శ్యామల కథలు. 'ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం' అని పేరు చదవగానే బాపమ్మ మొహం వెలుగుతుంది. ఏకులబుట్ట ఆమె పుట్టింట్లో ఉండేది, రాట్నం పక్కన. శాలోళ్ల ఇంటి సామెతే పుస్తకమైందని మురిసిపోతుంది. రాసినామె ఎవరి బిడ్డ అని అడుగుతుంది.

"పెద్దేముల్. తాండూరు దిక్కు. మాదిగోళ్ల బిడ్డ."

బాపమ్మ చాయ్ గ్లాసు కింద పెడుతుంది. ఒక్క లిప్త. మీరు గమనిస్తారు, మనవరాలూ గమనిస్తుంది.

చదువు సాగుతుంది. ఒక కథలో చిన్నపిల్ల ఒంటరిగా పొలం నీళ్లకు పోతుంది. దొర చెయ్యి వేస్తే ఎదురు తిరిగి తప్పించుకుంటుంది, ఆ తెగువకు ఆమెకు తాటకి పేరొస్తుంది. మన పురాణంలో రాక్షసి పేరు అది. ఈ కథలో గెలిచినదాని పేరు. ఇంకో కథలో తండ్రి, కూతుర్ని జోగినిని చెయ్యాలన్న ఊరి పెద్దల మాట కాదని, తాండూరు తీసుకెళ్లి హాస్టల్లో చేర్పిస్తాడు. దానికి దెబ్బలు తింటాడు, భూమి పోగొట్టుకుంటాడు. మిన్నీ వాకర్ గుర్తొచ్చిందా? పోలిక మీ మనసులో పడుతుంది గానీ అమ్మాయి దాన్ని పైకి అనదు. అనకపోవడమే మంచిది. జార్జియా దొర వేరు, తాండూరు పటేలు వేరు.

శ్యామల 1969లో పుట్టింది. హైదరాబాద్‌లో అన్వేషి స్త్రీల పరిశోధన కేంద్రంలో పనిచేసింది, దళిత ఉద్యమంలో, తెలంగాణ ఉద్యమంలో నిలబడింది. ఆమె కథలు గొప్పవే. నాకు మాత్రం ఆమె చేసిన ఇంకో పని మరీ పెద్దదిగా కనిపిస్తుంది. 'నల్లపొద్దు' చూశారా? 1921 నుంచి 2002 దాకా తెలుగు దళిత స్త్రీలు రాసినవాటిని వెతికి ఒకచోటికి తెచ్చిన పుస్తకం. దళిత ఆడవాళ్లు రాశారా, ఎప్పుడు రాశారు అని అడిగే సాహిత్య లోకం ముందు ఎనభై ఏళ్లను కట్టగట్టి పెట్టింది. తర్వాత టి.ఎన్. సదాలక్ష్మి దగ్గరికి పోయింది. మెహతర్ కుటుంబంలో పుట్టి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరై, మంత్రై, 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నడిచిన మనిషి. 2004లో కన్నుమూసింది. ఆమె బతుకును శ్యామల 'నేనే బలాన్ని' పేరుతో రాయకపోతే మన రాజకీయ చరిత్రలో ఆమెకు దక్కేది మహా అయితే ఒక పేరా.

ఇప్పుడు మళ్లీ అమెరికా పోదాం, 1973 ఆగస్టుకు. ఫ్లోరిడా, ఫోర్ట్ పియర్స్, పదిహేడో వీధి చివర పాడుబడ్డ శ్మశానం. గడ్డి నడుముదాకా పెరిగింది, పాములుంటాయని భయం. ఆలిస్ వాకర్ ఆ గడ్డిలో నడుస్తోంది. తనకంటే ముందు తరం నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ కోసం. గొప్ప నవలలు రాసిన జోరా 1960లో ప్రభుత్వ ఆశ్రమంలో పేదరికంలో పోయింది, చందాలు పోగు చేసి పాతిపెట్టారు. సమాధికి గుర్తు లేదు, పుస్తకాలు అచ్చులో లేవు. ఊళ్లో వివరాలు రాబట్టడానికి నేను జోరా మేనకోడలినని అబద్ధం చెప్పింది వాకర్. గడ్డిలో నిలబడి జోరా, జోరా అని కేక వేసింది. కాలు ఒక గుంటలో దిగబడింది. ఇదే కావచ్చు అనుకుంది. నచ్చిన పొడుగాటి రాయికి డబ్బు చాలక మామూలు బూడిదరంగు రాయి పెట్టించింది. దాని మీద పుట్టిన సంవత్సరం 1901 అని చెక్కించింది, అసలు జోరా పుట్టింది 1891లో. పదేళ్లు తప్పైనా ఆ రాయితోనే జోరా మళ్లీ బతికింది. రెండేళ్లకు 'మిజ్' పత్రికలో వాకర్ రాసిన వ్యాసం చదివి జనం ఆ పుస్తకాల కోసం వెతికారు, మళ్లీ అచ్చయ్యాయి.

నల్లవాళ్ల కథ అనగానే తెలుగువాళ్లకు సహవాసి అనువాదం 'ఏడుతరాలు' గుర్తొస్తుంది. కుంటా కింటే పేరు మన పల్లెల్లో కూడా తెలుసు. గొప్ప పుస్తకమే. కానీ అందులో వేరు పట్టుకుని పోయేది తాతల వైపు. వాకర్ వెతికింది తల్లుల్ని. శ్యామల వెతికిందీ వాళ్లనే.

"జోరా సొంత మేనత్త కాదు గదా, మరెందుకంత కష్టం?" అంటుంది కోడలు.

జవాబు చెప్పబోయి అమ్మాయి చీర చేతిలోకి తీసుకుంటుంది. రాళ్లతో బరువెక్కిన కొంగు. జూపాక సుభద్ర గుర్తొచ్చింది ఆమెకు. ఉమ్మడి వరంగల్ బిడ్డ, సచివాలయంలో ఉద్యోగం చేస్తూ రాసింది. 'కొంగు' అన్న ఆమె కవితలో కొంగు సిగ్గుపడి తల మీదికి లాక్కునేది కాదు. చెమట తుడిచేది, గింజలు మూటగట్టేది, పనిలో నడుముకు చుట్టేది. అమ్మాయి తల్లి కూడా ఇప్పుడు కొంగు నడుముకే చుట్టుకుని ఉంది. ఆమె ఒళ్లో ఉన్న కొత్త చీర కొంగుతో మాత్రం ఏ పనీ చెయ్యలేం, రాళ్లు రాలిపోతాయి. ఆ మాట అంటే కోడలు మొదటిసారి నవ్వుతుంది. "గీ చీర మనం కట్టేదా ఏంది?"

బాపమ్మ చాలాసేపటి నుంచి మాట్లాడలేదు. చేతిలో రాయి అలాగే ఉంది.

"నీ నాయిన పుట్టినప్పుడు," అంటుంది, "కాళ్లడ్డం తిరిగిండు. రెండు దినాలు. మంత్రసాని రాకపోతే నేనుందునా? అవతలి వాడనుంచి వానల వచ్చింది. మాదిగామె. పానం నిలబెట్టింది. బొడ్డు కోసి, తానం పోసి, అన్ని జేసింది. మల్ల పురుడైనంక వాకిట్ల కూసుండవెట్టి దూరంకెల్లి బువ్వ వెట్టినం."

ఎవరూ ఏమీ అనరు. పక్కగది ఒడియా ఆమె ఏమైందని అడుగుతుంది. ఆమెది ఏ కులమో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు, సూరత్‌లో అద్దె గదుల మధ్య గోడ సగం ఇటుకే. బాపమ్మ మాత్రం ఈ నలభై ఏళ్లలో ఆ వాకిలి మాట ఎవరితోనూ అన్నట్టు లేదు.

"ఆమె పేరేంది బాపమ్మా?"

"మంత్రసాని అనేటోళ్లం."

"అది పని. పేరు?"

బాపమ్మ కళ్లు మూసుకుంటుంది. తెరుస్తుంది. "ఉండె ఏందో. మా అత్తకు ఎర్క. అత్త పాయె."

అమ్మాయి కత్తెర పక్కన పెట్టి ఫోన్ తీస్తుంది. "ఊర్లె చిన్నతాతకు జేస్త."

"గిప్పుడా?" అంటుంది తల్లి. "పీసులు సగం మిగిలినయి. రేపు జేయరాదు?"

"గిప్పుడే జెయ్యి," అంటుంది బాపమ్మ.

రింగవుతుంది. అవతల ఎత్తిన ముసలాయన ముందు వాన సంగతి చెబుతాడు, తర్వాత యూరియా, తర్వాత ఎవరి ఆపరేషనో. బాపమ్మ ఫోన్ లాక్కుంటుంది. సాంచల మోత మీదుగా వినబడాలని అరుస్తుంది. "గదంత కాదు. నా కానుపు జేసినామె, అవతలి వాడామె, ఆమె పేరేంది?" గిప్పుడెందుకమ్మా అంటాడు ఆయన. "నీకెందుకు, పేరు చెప్పు." ఆయనకూ తెలియదు. ఆమె మనవడు హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడని మాత్రం తెలుసు, నంబరు ఎక్కడో రాసిపెట్టాడట.

తలుపు చప్పుడు. జాబ్‌వర్క్ మనిషి కట్ట కోసం వచ్చాడు. "దస్ మినట్," అంటుంది కోడలు చెయ్యి ఆపకుండా. అతను గొణుగుతూ మెట్ల మీద కూర్చుంటాడు.

"ఆఁ, చెప్పు, చెప్పు," అని బాపమ్మ ఫోన్‌ను చెవికి అదుముకుని మనవరాలిని కేకేస్తుంది. "తొమ్మిదితోని మొదలట. రాసుకో."